తపాలా బిళ్ళ మీది కుర్రాడు

ప్రశ్న: మా తాతగారి స్టాంపుల ఆల్బంలో ఇంద్రలాల్ రాయ్ అనే ఆయన పేరుతో 1998 నాటి స్టాంపు ఒకటి ఉంది. 'ఎవరో పాతకాలం పైలట్' అన్నారు తాతగారు. మీరు ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు కదా, ఆయన గురించి చెబుతారా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: అమ్మా, ఆయన నూరేళ్ళ జయంతికి వేసిన స్టాంపు అది. పుట్టింది 1898 డిసెంబర్ 2న కలకత్తాలో. పోయింది 1918 జూలై 22న, ఫ్రాన్స్ ఆకాశంలో. లెక్క చూసుకో, ఇరవై నిండలేదు. నేను ఆర్మమెంట్ ఫిట్టర్‌గా, అంటే విమానాల ఆయుధాలు చూసే పనిలో, చేరినప్పుడు నా వయసూ పంతొమ్మిదే. తుపాకీ విప్పి మళ్ళీ బిగించడమే నాకు అప్పటికింకా చేతకాదు. అందుకే ఇతని సంగతి మొదటిసారి విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

చదువు లండన్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్లో. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. బ్రిటిష్ విమానదళంలో చేరతానంటే కంటిచూపు సరిగా లేదని పంపించేశారు. ఊరుకోలేదు. తన మోటార్‌సైకిల్ అమ్మి, ఆ డబ్బుతో పెద్ద కంటి డాక్టరు దగ్గర మళ్ళీ పరీక్ష చేయించుకున్నాడని చెబుతారు. 1917 జూలైలో కమిషన్, అంటే ఆఫీసరు హోదా, వచ్చింది, అక్టోబర్‌లో 56వ స్క్వాడ్రన్ అనే విమానాల దళంలో చేరాడు. డిసెంబర్ 6న విమానం కూలింది. చచ్చిపోయాడనుకుని శవాల గదిలో పడుకోబెడితే, స్పృహ వచ్చి తలుపు బాదాడనీ, బయటివాళ్ళు హడలిపోయారనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. దెబ్బలు మాత్రం నిజం. ఇక ఎగరడానికి పనికిరాడని డాక్టర్లు రాసేశారు.

నేను ఆగిపోయేది ఇక్కడే. ఒళ్ళు కూడదీసుకుంటూ ఆ నెలలన్నీ విమానాల బొమ్మలు గీస్తూ కూర్చున్నాడట. వాటిలో చాలా ఇప్పటికీ ఉన్నాయి. మళ్ళీ పంపండని పైవాళ్ళ వెంటపడి, 1918 జూన్ 19న 40వ స్క్వాడ్రన్‌కు వచ్చాడు. అక్కడ కెప్టెన్ జార్జ్ మెకెల్‌రాయ్ అనే ఐరిష్ పైలట్ ఇతన్ని తన వెంట తిప్పుకుని పని నేర్పాడు. జూలై 6న మొదటి విజయం, అంటే ఒక శత్రు విమానాన్ని దెబ్బకొట్టడం. 8న నాలుగు గంటల వ్యవధిలో మూడు. 13న రెండు, 15న రెండు, 18న ఒకటి, 19న ఒకటి.

అవి ఎలాంటి విమానాలో కూడా చెప్పాలి, మా పని అది కాబట్టి. ఇతను నడిపిన ఎస్.ఇ.5ఎ అంటే కర్రచట్రం మీద గుడ్డ కప్పిన యంత్రం. ముందున్న వికర్స్ తుపాకీ తిరిగే పంకా రెక్కల మధ్య నుంచే పేలాలి. ఇంజనుకూ తుపాకీకీ లంకె పెట్టి, రెక్క అడ్డొచ్చే క్షణంలో గుండు వెలువడకుండా చూసేవారు. పై రెక్క మీద ఇంకొకటి, లూయిస్ తుపాకీ. గుళ్ళు నింపిన దాని డ్రమ్ము ఖాళీ అయితే తుపాకీని పట్టాల మీద కిందికి లాగి, ఒక చేత్తో విమానం నడుపుతూ ఇంకో చేత్తో కొత్త డ్రమ్ము ఎక్కించాలి. ముఖాన చలిగాలి కొడుతుంటుంది, వెనక శత్రువు ఉంటాడు. పారాషూట్ మాటే లేదు. విమానం అంటుకుంటే అంతే.

జూలై 22న కార్వాన్ ఊరి మీద జర్మన్ ఫోకర్ విమానాలతో తలపడ్డప్పుడు ఇతని విమానం మంటల్లో పడిపోయింది. తొమ్మిది రోజులకు, 31న, మెకెల్‌రాయ్ కూడా పోయాడు.

ప్రశ్న: ఇంద్రలాల్ రాయ్ కూల్చినవి తొమ్మిదని ఒకచోట, పది అని ఇంకోచోట చదివాను. ఏది నిజం?
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, తొమ్మిది అన్నది పతక ప్రకటనలోని లెక్క. 1918 సెప్టెంబర్ 21న, చనిపోయిన రెండు నెలలకు, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటిస్తూ, పదమూడు రోజుల్లో తొమ్మిది శత్రు విమానాలని రాశారు. ఆ పతకం పుట్టిందే ఆ ఏడాది జూన్‌లో. అది అందుకున్న మొదటి భారతీయుడు ఇతనే. తర్వాత చరిత్రకారులు రికార్డులన్నీ సరిచూసి పది అని తేల్చారు. పదీ నేలకూలాయని మాత్రం అనుకోకండి. శత్రు విమానం అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి పోయినా ఆ రోజుల్లో విజయం కిందే జమకట్టేవారు. ఇతని పదిలో అలాంటివి ఉన్నాయి, ఇంకొకరితో కలిసి కొట్టినవీ ఉన్నాయి. అందరికీ అదే లెక్క కాబట్టి ఇతని గొప్పతనానికి లోటేమీ లేదు.

ప్రశ్న: తెల్లదొరల కోసం ప్రాణమిచ్చినవాడికి మన దేశం స్టాంపు వేయడమేమిటండీ?
– ఒక యువకుడు, విజయనగరం

జవాబు: బాబూ, నేనూ ఈ మాట అన్నవాణ్ణే, నీ వయసులో. అప్పటి సంగతి కొంచెం విను. సైన్యంలో భారతీయులకు కింగ్స్ కమిషన్, అంటే తెల్ల అధికారులతో సమానమైన ఆఫీసరు హోదా, ఇవ్వడం అప్పుడప్పుడే మొదలవుతోంది. తెల్ల సిపాయి మన అధికారికి సెల్యూట్ కొట్టడమనేది వాళ్ళకు మింగుడుపడని విషయం. అలాంటి రోజుల్లో నలుగురు భారతీయులు ఆ యుద్ధంలో పైలట్లయ్యారు. వెలింకర్ గాయాలతో చనిపోయాడు. సేన్ జర్మన్లకు బందీగా చిక్కాడు. హర్దిత్ సింగ్ మాలిక్ కాలిలో దిగిన గుండ్లతోనే జీవితమంతా గడిపి, స్వతంత్ర భారతానికి ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశాడు. నాలుగోవాడు మన కుర్రాడు. వాళ్ళమ్మ లలితా రాయ్, 1911లో లండన్ వీధుల్లో ఆడవాళ్ళకు ఓటుహక్కు కావాలని సాగిన ఊరేగింపులో చీరకట్టుతో నడిచిన మనిషి. దొరలకు తలవంచే ఇంట్లో పెరిగినవాడు కాడు. 'మీకు చేతనైంది మాకూ చేతనవుతుంది' అని ఆ నలుగురూ ఆకాశంలో చూపించారనే నేను నమ్ముతాను. ఆ స్టాంపు అందుకు తగినదే.

ఇంకొక్క మాట. బెంగాల్‌లోని కలైకుండ ఎయిర్‌ఫోర్స్ స్థావరంలో నాతో పనిచేసిన బెంగాలీ కార్పొరల్ ఒకడు, ఫ్రాన్స్‌లోని ఎస్తెవెల్ ఊరి శ్మశానంలో ఇంద్రలాల్ సమాధి రాతి మీద బెంగాలీలో చెక్కిన మాటలు చదివి వినిపించాడు. నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను: 'మహావీరేర్ సమాధి, సంభ్రమ్ దేఖావో, స్పర్శ కోరో నా.' మూడొంతులు నాకే అర్థమైపోయింది. సంభ్రమం దగ్గర మాత్రం తికమకపడ్డాను, సమాధి దగ్గర సంబరమేమిటని. వాళ్ళ భాషలో ఆ మాటకు గౌరవమని అర్థమట. మహావీరుని సమాధి ఇది, గౌరవం చూపండి, తాకకండి. ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.