బ్లౌజులు కుట్టుకునేవాళ్లకి బ్రిటన్‌లో పెన్షన్ వస్తుందా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది: "అక్కా, మా ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా, నాది డిపెండెంట్. వచ్చే నెల లండన్ వస్తున్నాం. ఇంట్లోనే మగ్గం వర్క్ చేసి బ్లౌజులు కుట్టుకోవచ్చా? టాక్స్ కట్టినా మనకేమీ రాదంటున్నారు, నిజమేనా?"

కుట్టుకోవచ్చమ్మా. డిపెండెంట్లకి సొంత పని మీద అడ్డు లేదు. స్టూడెంట్ వీసా మీదున్న తమ్ముళ్లకి మాత్రం ఉంది. డెలివరీ యాప్‌ల బండి కూడా సొంత పని కిందకే వస్తుంది, జాగ్రత్త.

"మనకేమీ రాదు" అన్నది తప్పు. వీసాలో "పబ్లిక్ ఫండ్స్ లేవు", అంటే సర్కారు సాయాలు తీసుకోకూడదు, అని ఉండటం చూసి అలా అనుకుంటారు. నేషనల్ ఇన్సూరెన్స్ (సంపాదన మీద ఇక్కడి ప్రభుత్వానికి కట్టే చందా) కట్టి సంపాదించుకున్నవి ఆ లెక్కలోకి రావు. మెటర్నిటీ అలవెన్స్, స్టేట్ పెన్షన్ అలాంటివే. పెన్షన్‌కి కనీసం 10 ఏళ్ల లెక్క కావాలి. 2025-26లో లాభం 6,845 పౌండ్లకి చేరితే ఆ ఏడాది కట్టినట్టే రాసుకుంటారు. అంత రాకపోతే ఆ ఏడాదికి వారానికి 3.50 పౌండ్ల చొప్పున మనమే కట్టుకోవచ్చు, మొత్తం 182 పౌండ్లు. దయచేసి ఇది మానకు. కాన్పుకి ముందు 66 వారాల్లో 26 వారాలు పని చేసినవాళ్లకి 39 వారాల దాకా అలవెన్స్ ఇస్తారు, కానీ ఈ ఇన్సూరెన్స్ కట్టకపోతే అది వారానికి 27 పౌండ్లకి పడిపోతుంది.

రానివీ ఉన్నాయి. జ్వరమొచ్చి మిషన్ ఆగితే సిక్ పే లేదు, జీతంతో సెలవు లేదు. ఉద్యోగులు 8 శాతం కడితే మనం 12,570 దాటిన లాభం మీద 6 శాతం కడతాం. ఆ రెండు శాతానికి ఇంత తేడా న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. మా నాన్న బెజవాడ ఆటోనగర్‌లో లేతు మిషన్ మీద బతికారు. వేలు తెగిన నెల ఇంట్లోకి రూపాయి రాలేదు, ఈఎస్‌ఐ అన్న మాటే లేదు. అదే బాధ నేనిక్కడ 2020లో పడ్డాను. కోవిడ్ సాయానికి 2018-19 రిటర్న్ అడిగారు, నేను పని మొదలుపెట్టింది 2019 జూన్‌లో. మొదటి మూడు విడతలూ నాకు రాలేదు.

అందుకే మొదటి బ్లౌజు నుంచే బిల్లు రాయి. దారం, లైనింగ్ రసీదులు దాచు. రాబడి ఏడాదికి వెయ్యి పౌండ్లు దాటితే, ఏప్రిల్ 5న ముగిసిన ఏడాదికి అక్టోబర్ 5లోగా టాక్స్ ఆఫీసులో రిజిస్టర్ అవ్వాలి, ఆన్‌లైన్ రిటర్న్ జనవరి 31లోగా వెయ్యాలి. టాక్స్ బిల్లు వెయ్యి దాటితే మామూలుగా వచ్చే ఏడాదికి సగం కూడా అప్పుడే అడ్వాన్సుగా అడుగుతారు. మొదటిసారి అందరూ కంగారుపడేది అక్కడే, కాబట్టి ప్రతి రాబడిలో కొంత వేరే అకౌంట్లో వేసి పెట్టు.

దిగగానే ఈ-వీసాలో నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఉందేమో చూసుకో. లేకపోతే ఆ వారమే అప్లై చెయ్యి.