మ్యూజిక్ ఫెస్ట్‌లో ఫుడ్ స్టాల్స్ దగ్గర ఏం తినాలి? (వైజాగ్, పిల్లలతో వెళ్తున్నాం)

పాటలకి లోపలికెళ్లండి, తిండికి బయటికి రండి, నా మాట ఇదే. కాకపోతే ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి రానిస్తారో లేదో గేటు దగ్గరే కనుక్కోండి, కొన్నిచోట్ల రానివ్వరు.

ఇలా ఎందుకంటున్నానంటే, రెండేళ్ల క్రితం డిసెంబర్‌లో బీచ్ రోడ్ వైపు లోకల్ బ్యాండ్‌ల ప్రోగ్రాం అయితే నేనూ మా బావమరిదీ వెళ్లాం. లోపల ఏది కొనాలన్నా డబ్బులు తీసుకోరు, కూపన్లే. ఆ కూపన్ల కోసం ఒక లైను, తిండి కోసం ఇంకో లైను, మిగిలిన కూపన్లకి డబ్బులు వెనక్కివ్వరంట. పైగా అంత జనంలో సిగ్నల్ ఉండదు కదా, స్కాన్ చేస్తే అది అలా గిర్రున తిరుగుతూనే ఉంటుంది, వెనకాల వాళ్లు మనవైపు చూసే చూపులు వేరే. జేబులో 500 చిల్లర పెట్టుకెళ్లండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

సరే అని బొంగులో చికెన్ తీసుకున్నాం, 350 పెట్టి. అరకు వెళ్లినోళ్లకి తెలుస్తుంది, పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, నూనె చుక్క వెయ్యరు, ఆ పచ్చి బొంగులో ఉన్న తడికే ముక్క ఉడుకుతుంది. మరి అలా కాలిస్తే బొంగు బయట నల్లగా మాడిపోయి ఉండాలా వద్దా? మాకిచ్చింది పెళ్లికూతురిలా నిగనిగలాడిపోతోంది, ఎక్కడా మసి లేదు, లోపలేమో పైన నూనె తేలుతోంది. మావాడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని "బావా, కుక్కర్లో కూరొండీసి ఇందులో పోసీసినారు" అన్నాడు. స్టేజీ మీద గిటార్ అబ్బాయి కళ్లు మూసుకుని ఏదో సోలో వాయిస్తున్నాడు, నేను మాత్రం బొంగు తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నా. అప్పట్నుంచి బొంగుకి మసి లేకపోతే కొనను, మీరూ కొనకండి.

ఆకలి తీరక బయటికొచ్చేశాం. గేటు పక్కనే ఒక పెద్దాయన బండి, ఒకటే ఐటం, మూరీ మిక్చర్ (మూరీలంటే మరమరాలే). వేరే ఊళ్లలో ముంత మసాలా అని దగ్గర దగ్గరగా ఏదో ఇస్తారు, మన ఆర్కే బీచ్ గాలికి తిన్నదానికీ దానికీ పోలికే లేదు, ఎవరేమన్నా నేను ఒప్పుకోను. కోసిన ఉల్లిపాయలు అయిపోయినట్టున్నాయి, ముందే ఎక్కువ కోసి ఉంచుకోవచ్చు కదా అన్నాను. "ఏటి బాబూ, ముందే కోసీసి ఉంచితే నీరొచ్చీదా, మూరీలు మెత్తబడిపోవా" అని నా మీదే గయ్యిమన్నాడు. నిజమే, సముద్రపు గాలికి ఊరికే ఉంచినా మెత్తబడిపోతాయి, అందుకే ఆయన మూరీల సంచి మూతి బిగించి కట్టి, అడిగినప్పుడల్లా విప్పి గుప్పెడు తీసి మళ్లీ కట్టేస్తున్నాడు. వేయించిన వేరుశెనగ్గుళ్లు, టమాటా, కొత్తిమీర, కారం, పైన నిమ్మకాయ పిండి డబ్బాలో గరిటెతో టకటకటక. లోపల డ్రమ్స్ మోగుతున్నాయి, రెండూ కలిశాయని చెబుదామనుకున్నా గానీ కలవలేదు, ఈయనే స్పీడు. పేపర్ పొట్లం, అట్టముక్క స్పూను, 30 రూపాయలు. రెండేసి తిన్నాం. అక్కడ నిలబడితే పాటలు లోపలికంటే శుభ్రంగా వినబడ్డాయి కూడా, లోపల స్పీకర్ పక్కన నిలబడితే గుండె అదరడం తప్ప మాటొక్కటీ అర్థం కాలేదు.

టమాటా బజ్జీ సంగతి కూడా చెప్పాలి. వేడివేడిగా ఇచ్చిన వెంటనే కొరక్కండి. పైన శెనగపిండి చల్లారినట్టే ఉంటుంది, లోపల టమాటా రసం మరుగుతూ ఉంటుంది, నా నాలుక మూడు రోజులు రుచి మర్చిపోయింది. చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం వేయించుకుని రెండు నిమిషాలు ఆగండి.

లోపలే తినక తప్పదంటే మెయిన్ సింగర్ స్టేజీ ఎక్కిన ఐదు నిమిషాలకి వెళ్లండి, అందరూ ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంటుంటారు, స్టాల్స్ ఖాళీ. మొదటి పాట పోతుంది, ఎలాగూ హిట్ పాట ఆఖర్నే పాడతారు. మాడుగుల హల్వా స్టాల్ కనబడితే ఇంటికి పట్టుకెళ్లడానికి ఓ పావుకిలో కొనేయండి, గోధుమపాలతో చేసింది, రేపటికైనా పాడవదు, లైన్లో నిలబడి అక్కడే తినాల్సిన పనీ లేదు.

మీరు పిల్లల గురించి కదా అడిగారు. మొక్కజొన్న పొత్తు కాల్పించి పెట్టండి, నిమ్మచెక్కకి ఉప్పు మాత్రమే అద్ది రుద్దమనండి, లేకపోతే అలవాటు కొద్దీ కారం రుద్దేస్తారు.