ఎథెల్‌గారు 97 ఏళ్ల దాకా నడిపారట, అమ్మ కారు తాళం నా దగ్గరుంది

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాం. నాన్న పోయాక అమ్మ (76) విడిగా ఒక్కతే ఉంటోంది. కారు తనే నడుపుతుంది. ఈమధ్య ఎడమవైపు తలుపు మీద రెండు గీతలు కనబడితే భయమేసి తాళం తీసేసుకున్నాను. ‘ఇక్కడే వందేళ్లు దాటి బతికిన ఎథెల్ కేటరమ్ 97 ఏళ్ల దాకా కారు నడిపింది, నాకేం వచ్చింది?’ అంటూ అలిగింది. ఫోన్ ఎత్తడం లేదు. షుగర్‌కి మాత్రలు వాడుతుంది.

జవాబు: ముందు తాళం ఇచ్చేయండి. భయంతో చేసినా, అది లాక్కోవడమే.

అమ్మగారు చెప్పింది నిజమే. ఎథెల్ 1909 ఆగస్టు 21న హాంప్‌షైర్‌లో పుట్టారు. 18 ఏళ్లకే ఇండియాలో ఓ ఇంగ్లిష్ కుటుంబం పిల్లల్ని చూసుకునే పనికి ఓడెక్కి వచ్చారు. భర్త 1976లో పోయారు, కూతుళ్లిద్దరూ ఆమెకంటే ముందే పోయారు. 2025 ఏప్రిల్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద వయసు మనిషిగా గుర్తింపు పొందారు. అంత ఆయుష్షు ఎలాగని అడిగితే, ఎవరితోనూ వాదించననీ, అన్నీ విని తనకు నచ్చిందే చేస్తాననీ అన్నారు. మీ ఇంట్లో జరుగుతున్నదీ దాదాపు అదే! 97 తర్వాత ఆమె కూడా మానేశారన్న మాట మీ నోటికొస్తుంది. ఇప్పుడు అనకండి.

వయసు మీద వాదిస్తే మీరు గెలవరు. చూపు, మందులు, రోడ్డు మీద తీరు, ఈ మూడూ చూడండి. అక్కడ 70 నిండాక లైసెన్సును మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెట్టరు, జబ్బుల గురించి మనమే నిజం రాయాలి. చిక్కంతా అక్కడే. 20 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు చదవగలగాలి, కళ్లజోడుతోనైనా సరే. 60 దాటినవారికి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్యసేవ) కంటి పరీక్ష ఉచితం. రాత్రి ఎదుటి లైట్లకు కళ్లు చెదురుతున్నాయా అని అడగండి, శుక్లాలుంటే అలా అవుతుంది. షుగర్ మాత్రల్లో కొన్ని షుగర్‌ను మరీ కిందికి దించేస్తాయి. అమ్మగారు వాడేవి అలాంటివేనేమో జీపీని, అంటే ఆమె మామూలుగా చూపించుకునే డాక్టరును, అడగాలి. ఇన్సులిన్ మొదలుపెడితే మాత్రం లైసెన్సులిచ్చే డీవీఎల్ఏకి తెలపాల్సిందే.

గీతలు ఎడమవైపే ఉన్నాయి కదా, ఎడమ అద్దం చూడటం తగ్గిందేమో, ఆ వైపు చూపే తగ్గిందేమో. పార్కింగ్‌లో ఇంకెవరో గీసి ఉండొచ్చు కూడా. తేల్చడానికి మీరు పక్కన కూర్చోకండి. కొడుకు ఉలిక్కిపడుతుంటే బాగా నడిపేవాళ్లకూ తప్పులొస్తాయి. పెద్దవాళ్ల డ్రైవింగ్‌ను అంచనా వేసే కేంద్రాలున్నాయి. ఫీజు కడితే నేరుగా వెళ్లొచ్చు. కుడివైపు మలుపులూ రౌండబౌట్లూ కూడా చూడమని చెప్పండి. అపాయింట్‌మెంట్ ఆవిడనే తీసుకోనివ్వండి, రిపోర్టు కూడా ముందు ఆవిడే చదవాలి.

రిపోర్టులో రాత్రిళ్లు, మోటర్‌వే వద్దన్నారనుకోండి, పగటిపూట దగ్గరి రోడ్లు ఎలాగూ మిగులుతాయి. పూర్తిగా వద్దంటే, పింఛను వయసు దాటింది కాబట్టి ఉచిత బస్ పాస్ వస్తుంది. మామూలుగా పనిదినాల్లో ఉదయం 9:30 తర్వాతే చెల్లుతుంది. పొద్దున్నే గుడికో ఆసుపత్రికో వెళ్లాలంటే ఎవరు తీసుకెళ్తారో ముందే అనుకోండి. తీసుకెళ్లేది మీరే అయితే మంచిది.