తోడికోడలి మాట మనసులోంచి పోవడం లేదు

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. మా మామగారు పక్షవాతంతో మంచాన పడితే నాలుగేళ్ళు నేనే చూసుకున్నాను. వేలూరు ఆసుపత్రికి ఎన్నిసార్లు తీసుకువెళ్ళానో లెక్కలేదు. ఆయన ప్రభువునందు నిద్రించాక ఇంట్లో జరిగిన ఆదరణ కూడికలో, బంధువులందరూ ఉండగా, మా తోడికోడలు "బంగారుపాళ్యం మామిడితోట కోసమే కదా అక్క ఇంత సేవ చేసింది" అంది. ఎనిమిది నెలలైనా ఆ మాట నన్ను వదలడం లేదు. రాత్రి ఆమె వాట్సాప్ స్టేటస్ చూడనిదే పడుకోలేను, చూశాక నిద్ర రాదు, మూడింటికే మెలకువ వస్తుంది. పాస్టరమ్మగారు "నీ హృదయమును భద్రముగా కాపాడుకొనుము" అన్న వాక్యం చూపించారు. అప్పటినుంచి వాళ్ళతో రాకపోకలు మానేశాను. మూడు నెలలుగా మందిరంలో ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే సంస్కారంలో) పాలుపొందడం లేదు. పదో తరగతి చదివే మా అమ్మాయి కూడా చిన్నమ్మతో మాట్లాడటం మానేసింది. నా మనసును ఎలా కాపాడుకోవాలి?

సలహా: సోదరీ, నాలుగేళ్ళు ఒకరి మంచం దగ్గర మేలుకొన్న మనిషిని, ఆ మంచం ఖాళీ అయిన కొద్ది రోజులకే, ఆస్తి కోసం చేసిందని పదిమందిలో అనడం చిన్న మాట కాదు. "విశ్వాసివి కదా, మరచిపో" అని మీకు చెప్పినవారు ఉండే ఉంటారు. నేను ఆ మాట చెప్పబోవడం లేదు. సమూయేలు మొదటి గ్రంథంలో పిల్లలు లేని హన్నాను అదే ఇంట్లో ఉన్న సవతి పెనిన్నా ఏటేటా విసిగిస్తూ ఉంటే, ఆమె తిండి మాని ఏడ్చింది. ఆమె ఆ బాధను మింగి ఊరుకోలేదు, పెనిన్నాకు తిరిగి అప్పగించనూ లేదు. షిలోహులో దేవుని ఎదుట కుమ్మరించింది. అక్కడ యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందని అనుకుంటే, కాదని మర్యాదగా ఉన్న సంగతి చెప్పుకొంది. తరువాత వెళ్ళి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది. అప్పటికి ఆమెకు బిడ్డ కలగలేదు, పెనిన్నా మారిందని కూడా వాక్యం చెప్పడం లేదు.

పాస్టరమ్మగారు చూపిన వాక్యం సామెతలు 4:23. అందులో సగమే మీ చేతికి అందినట్లుంది. హృదయంలోనుండి జీవధారలు బయలుదేరుతాయి కాబట్టి దాన్ని కాపాడుకోమని ఆ వచనం చెబుతుంది. లోపలినుంచి ఏం పారుతోందో చూసుకోమన్న మాటను మీరు గడియ పెట్టుకోమన్నట్లుగా తీసుకున్నారు. మన వైపు చెరువు కింద సేద్యం చేసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు: తూము బిగించి ఇంటికి పోయినవాణ్ణి ఎవరూ చెరువు కాపలాదారు అనరు; కట్ట ఎక్కడ కారుతోందో, ఏ నీళ్ళు ఏ మడికి పోతున్నాయో తిరిగి చూసేవాణ్ణే అంటారు. మీ ఉత్తరంలో అలా కారిన చోటు ఒకటి నాకు కనిపించింది. అమ్మాయి సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు మాత్రం ఉత్తరమంతటిలో బరువైనది అదే. ఆ పిల్లను చిన్నమ్మ ఏమీ అనలేదు. మీ మనసులోది ఆమె మడికి పారింది.

అపొస్తలుడైన పౌలు నిర్బంధంలో ఉండి ఫిలిప్పీయులకు రాస్తూ, దేవుని సమాధానం మీ హృదయాలకూ తలంపులకూ "కావలియుండును" అన్నాడు. గ్రీకులో ఆ మాట పట్టణాన్ని సైనికులు కాయడాన్ని చెప్పేది. అంటే మూడింటికి లేచి మీ మనసుకు మీరొక్కరే కాపలా కూర్చోనక్కరలేదు. మీ వంతు పని ఆ వాక్యానికి ముందూ వెనుకా ఉంది: కృతజ్ఞతతో అడగడం, సత్యమైనవాటిమీద ధ్యానముంచడం. సత్యమన్నది ఆ వరుసలో మొదటి మాట, దాన్నే పట్టుకోండి. ఒక నోటుబుక్కులో తోడికోడలు అన్న మాటను ఉన్నదున్నట్టు రాయండి. ఒక్క వరుస అవుతుంది. దాని కింద ఈ ఎనిమిది నెలల్లో మీరు చేర్చుకున్నవి రాయండి: బంధువులందరూ నమ్మేశారు, ఊరంతా చెప్పి ఉంటుంది, నిన్నటి స్టేటస్ నన్ను ఉద్దేశించిందే. ఈ రెండో భాగం పేజీ దాటినా నేను ఆశ్చర్యపోను. తలంపు రావడం మీ చేతిలో లేదు, వీధిన పోయేవాడు గుమ్మంలోకి తొంగిచూస్తే తప్పు ఇంటివాళ్ళది కాదు. పిలిచి పీట వేసి, ఇంకా ఏమన్నదో చెప్పమని అడిగేది మాత్రం మనమే.

ఇంకొక సంగతి కాస్త మొహమాటంగానే చెబుతున్నాను. మోకాళ్ళూని గంటసేపు ఆ కథనే మొదటినుంచి దేవునికి వినిపించడం ప్రార్థనలాగే ఉంటుంది గానీ, లేచేసరికి గాయం ఇంకా పచ్చిగా ఉంటుంది. కొన్నాళ్ళు పైకి వినబడేలా, నాలుగు వాక్యాలు మించకుండా ప్రార్థించండి. వాటిలో ఒకటి మామగారితో గడిచిన ఆ నాలుగేళ్ళ కోసం కృతజ్ఞతగా ఉండనివ్వండి. ఆమె స్టేటస్‌ను మ్యూట్ చేయండి, ఫోనును రాత్రి వంటింట్లో ఛార్జింగుకు పెట్టండి. అది పగ కాదు.

తోట విషయాన్ని ఈ గాయంతో ముడిపెట్టకండి. వీలునామా లేనప్పుడు క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అత్తగారు ఉంటే ఆమెకు మూడో వంతు, మిగిలినది పిల్లలందరికీ సమానంగా వస్తుంది. కోడలు ఎంత సేవ చేసినా ఆ లెక్కలో ఒక కుంట కూడా పెరగదు కాబట్టి, ఆ నింద చట్టం ముందు కూడా నిలవదు. పంపకం సంగతి అన్నదమ్ములు కూర్చొని కాగితం మీద తేల్చుకోవాలి. మీ పని వేరు. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పినట్లు, మీరూ ఆమే ఉన్నప్పుడు, ఫోనులో కాకుండా ఎదురుగా, "ఆ రోజు నువ్వన్న మాట నన్ను చాలా నొప్పించింది, నీ మనసులో ఏముందో నాకు చెప్పు" అని అడగండి. ఆమె క్షమాపణ చెప్పకపోవచ్చు. క్షమించడం మీరు ఒక్కరే చేయగలరు. మళ్ళీ నమ్మడానికి ఇద్దరు కావాలి, దానికి సమయం పట్టినా పాపమని అనుకోకండి.

బల్లకు దూరంగా ఉండటం నాకు సరిగ్గా తోచలేదు. తన్ను తాను పరీక్షించుకొని, "ఆలాగుచేసి" ఆ రొట్టెను తినమని పౌలు కొరింథీయులకు రాశాడే గాని, పరీక్షించుకొని వెనుక బెంచీలో కూర్చోమనలేదు. పాస్టరుగారితో ఒకసారి మాట్లాడి, వచ్చే ఆదివారమే పాలుపొందండి.

ఎనిమిది నెలల నిద్రలేమిని మాత్రం ప్రార్థనకే వదిలేయవద్దు. ప్రవక్తయైన ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవుడు మొదట గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టించి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ వేలూరు ఆసుపత్రికి మామగారిని అన్నిసార్లు తీసుకువెళ్ళినప్పుడు మందు వాడటం అవిశ్వాసమని మీకు తోచలేదు కదా. ఆ ఆసుపత్రికే వేలూరులోని బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. అంతవరకు వెళ్ళలేకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అమ్మాయిని ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకొని, జరిగింది ఇదీ, నేను దాన్ని మోసుకొని తిరిగింది ఇన్నాళ్ళూ, అందులో కొంత నీమీద పడింది, నన్ను క్షమించు అని చెప్పండి. చిన్నమ్మకు ఫోను చేయమని ఒత్తిడి చేయవద్దు. నువ్వు మాట్లాడితే నాకు కోపం రాదని ఒక్కసారి చెప్పి, ఆ తరువాత ఆ పిల్ల ఇష్టానికి వదిలేయండి.