పిల్లలు ఎక్కి తోలే బండ్లు: పెడలుకీ మోటారుకీ కుదరాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల బండ్ల గురించే. సొంతంగా చేస్తున్నవాళ్లూ, కొన్నదాన్ని బాగుచేసుకోవాలనుకునేవాళ్లూ ఇద్దరూ రాశారు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మా ఆరేళ్ల పాపకి నాలుగు చక్రాల బండి చేస్తున్నాను. పాప బరువు 22 కిలోలు. తొక్కినంతసేపు తొక్కాలి, అలిసిపోతే మోటారుతో పోవాలి. పాత సామాన్ల షాపులో కారు వైపర్ మోటారు దొరికింది. పెడళ్ల చైనూ, మోటారు చైనూ రెండూ వెనక ఇరుసుకే వేశాను. తొక్కితే బండి కదలదు. మోటారు వేస్తే పెడళ్లు వాటంతట అవే తిరిగి పాప కాళ్లకి కొడుతున్నాయి. తప్పెక్కడ?
- తెనాలి పాఠకుడు

జవాబు: రెండు జబ్బులకీ మూలం ఒకటే. ఇరుసు దగ్గరికి బలం రెండు దారుల్లో వస్తోంది, ఏ దారిలోనూ ఫ్రీవీల్, అంటే ఒకవైపు తిప్పితే పట్టుకుని రెండోవైపు తిప్పితే జారిపోయే పళ్ల చక్రం, లేదు.

వైపర్ మోటారు లోపల వార్మ్ గేరు ఉంటుంది, అంటే మరలాంటి కడ్డీ ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. మర తిరిగితే పళ్ల చక్రం తిరుగుతుంది గానీ, పళ్ల చక్రాన్ని పట్టుకుని మరని తిప్పబోతే బిగుసుకుంటుంది. మీ పాప తొక్కుతున్నది బండిని కాదు, ఆ మరని. వార్మ్ లేని మామూలు గేరు మోటారు వేసినా బరువు తప్పదు. నూటికి ఒకటి చొప్పున తగ్గించే గేర్లని వెనక్కి తిప్పడమంటే చక్రం ఒక చుట్టుకి మోటారుని వంద చుట్లు తిప్పడమే.

కాబట్టి రెండు ఫ్రీవీళ్లు కావాలి, పెడళ్ల చైనుకి ఒకటి, మోటారు చైనుకి ఒకటి. మామూలు సైకిల్ ఫ్రీవీళ్లే చాలు. వెనక ఇరుసుకి 20 మి.మీ. బ్రైట్ బారు, అంటే నున్నని ఉక్కు కడ్డీ, రెండు పక్కలా దాన్ని మోయడానికి యూసీపీ 204 బేరింగులు తీసుకోండి. ఫ్రీవీల్ మర ఎక్కేలా రెండు బాసులు, అంటే ఇరుసుకి తొడిగే మర ఉన్న గొట్టాలు, లేత్ షాపులో తీయించండి. కొలత కాగితం మీద రాసి ఇవ్వకండి, ఫ్రీవీల్‌నే చేతికివ్వండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక ఫ్రీవీల్ కుడివైపు, రెండోది ఎడమవైపు ఎదురెదురు ముఖాలతో పెడితే అందంగా కనిపిస్తుంది గానీ, తిప్పి పెట్టినది వెనక్కి తిరిగేటప్పుడే పట్టుకుంటుంది, ముందుకి జారిపోతుంది. ఇరుసు మీద ఎక్కడ పెట్టినా రెండింటి ముఖమూ కుడివైపుకే ఉండాలి.

ఇప్పుడు వేగం. ఇది మొదటే తేల్చుకోవాల్సిన అంకె, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి. ఆరేళ్ల బిడ్డకి గంటకి 4 కిలోమీటర్లు చాలు, పక్కన పెద్దవాళ్లు నడిచి అందుకోగలిగే వేగం అది. 30 సెం.మీ. చక్రం ఒక చుట్టుకి 94 సెం.మీ. పోతుంది. వైపర్ మోటారు తక్కువ వేగంలో నిమిషానికి దాదాపు 45 చుట్లు, ఎక్కువ వేగంలో 65 తిరుగుతుంది. చైను రెండు చివర్లా ఒకే పళ్ల సంఖ్య ఉంటే గంటకి రెండున్నర, 3.7 కిలోమీటర్లు వస్తాయి. ఇంకేం మార్చక్కర్లేదు. పెడళ్లకి ముందు 28 పళ్లు, వెనక 20 పళ్లు వేయండి. నిమిషానికి 60 సార్లు తొక్కితే 4.7 కిలోమీటర్లు. రెండూ ఒకేసారి నడిపితే ఎవరు వేగంగా తిప్పుతుంటే బరువు వాళ్లమీద పడుతుంది, రెండోది టకటకమంటూ ఖాళీగా తిరుగుతుంది. పెద్దల సైకిల్ క్రాంకు (పెడలు బిగించే చేయి) మాత్రం పెట్టకండి, మోకాలు స్టీరింగుకి తగులుతుంది. 16 అంగుళాల పిల్లల సైకిల్ క్రాంకు, అంటే సుమారు 10 సెం.మీ.ది సరిపోతుంది. సీటు కింద నాలుగేసి సెం.మీ. ఎడంతో మూడు రంధ్రాలు వేస్తే పాప ఎదిగే కొద్దీ వెనక్కి జరపవచ్చు.

ఇరుసుకి ఒక చక్రాన్నే కీ (గాడిలో దిగే ఇనుప ముక్క) కొట్టి బిగించండి. రెండో చక్రం బేరింగు మీద వదులుగా తిరగాలి. రెండూ బిగిస్తే మలుపులో లోపలి చక్రం ఈడుస్తుంది, స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతానంటుంది.

ఫ్రీవీళ్లు పెట్టాక మీరు రెండు పోగొట్టుకుంటారు. మొదటిది రివర్సు, ఫ్రీవీల్ వెనక్కి బలాన్ని పంపదు. దిగి తోసుకోవాల్సిందే, దానికి పెద్ద నష్టం లేదు. రెండోది బ్రేకు. ఇంతదాకా స్విచ్చి తీయగానే వార్మ్ గేరే బండిని ఆపేది, ఇక ఆపదు. వాలులో బండి దొర్లుకుంటూ పోతుంది. అందుకని మోటారు కంటే ముందు బ్రేకు బిగించండి. రెండు వెనక టైర్లనీ ఒకేసారి నొక్కేలా అడ్డంగా ఒక కడ్డీ, దాని చివర్ల మందపాటి రబ్బరు ముక్కలు, చేతికి ఒక లివరు ఉంటే చాలు. ఒకే చక్రానికి బ్రేకు వేస్తే బండి ఆ పక్కకి తిరుగుతుంది. లివరు లాగగానే మోటారు ఆగేలా దాని దగ్గరే ఒక చిన్న స్విచ్చి కలపండి.

వైరింగులో మూడు జాగ్రత్తలు. ఇంటి గోడల స్విచ్చి వాడొద్దు. మోటారు మొదలయ్యేటప్పటి కరెంటుకి లోపలి ముక్కలు అతుక్కుపోతే స్విచ్చి ఆపినా బండి ఆగదు. కాలి కింద మైక్రో స్విచ్చి పెట్టి, దానితో కారు హారన్‌కి వాడే 12 వోల్టుల రిలేని, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చిని, నడపండి. ఫ్యూజు 10 ఆంపియర్లది, బ్యాటరీ ప్లస్సుకి జానెడు దూరం లోపలే ఉండాలి. మూడోది, చాలా వైపర్ మోటార్లలో మైనస్ నేరుగా ఒంటికే కలిసి ఉంటుంది. తీగలు తారుమారైతే ఇనుప ఫ్రేముకి ప్లస్ ఎక్కుతుంది, మైనస్ ఇంకెక్కడైనా ఫ్రేముకి తగిలి ఉంటే షార్టే.

చైన్లని రెండు పక్కలా రేకుతో మూసేయండి. కదిలే భాగాల మధ్య సందు 5 మి.మీ. లోపైనా ఉండాలి, 12 మి.మీ. పైనైనా ఉండాలి. మధ్యలో ఉంటే వేలు దూరి ఇరుక్కుంటుంది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూడా ఇదే కొలత.

ప్రశ్న: కొన్న 12 వోల్టుల కారు ఇంట్లో గ్రానైట్ మీద బాగా పోతుంది. గేటు ముందు ర్యాంపు ఎక్కమంటే మూలుగుతుంది, ఇప్పుడు కిర్రుమని శబ్దం కూడా వస్తోంది. మోటారు మార్చాలా?
- కరీంనగర్ పాఠకురాలు

జవాబు: కిర్రుమన్నది మోటారు కాదు, పళ్లు. గేర్‌బాక్సులో ప్లాస్టిక్ చక్రం ఒకటి అరిగి ఉంటుంది.

లగేజీ తూచే కొక్కెం కాటా ఉంటే బాబుని కూర్చోబెట్టి బండిని లాగి చూడండి. బండి 15, బాబు 20 కలిపి 35 కిలోలనుకుంటే గచ్చు మీద కాటా ఒక కిలో దగ్గర ఆడుతుంది. ఆరడుగులకి అడుగు లేచే ర్యాంపు మీద ఏడు కిలోల దాకా చూపిస్తుంది. అంటే ఏడింతల బలం. గచ్చు మీద మూడు నాలుగు ఆంపియర్లు తాగే మోటార్లు అక్కడ పన్నెండు దాకా లాగుతాయి. చెల్లెల్ని కూడా ఎక్కిస్తే అది కూడా దాటుతుంది. ర్యాంపు మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు, ముందుకి పోతూనే రివర్సు మీట వేసినప్పుడు పళ్లు ఊడతాయి. ఎక్కువ బండ్లు ఈ రెండో అలవాటుతోనే షెడ్డుకి వస్తాయి.

కరెంటు తీసేసి వెనక చక్రాల్ని ఎత్తి ఒక్కోదాన్ని చేత్తో తిప్పండి. బాగున్నది బరువుగా, సమానంగా తిరుగుతుంది. అరిగినది కటకటమంటూ జారుతుంది. ఆ గేర్‌బాక్సు ఒక్కటే మార్చండి. కొనేటప్పుడు మోటారు చివరి చిన్న పళ్ల చక్రం తీసుకెళ్లి పళ్లు లెక్కపెట్టి జత చూడాలి, పైకి ఒకేలా కనిపించే డబ్బాల్లో పళ్ల సంఖ్య తేడాగా ఉంటుంది. రెండు పక్కల నిష్పత్తి వేరైతే బండి ఒక వైపుకి లాగుతుంది. కొత్తదాంట్లో తెల్ల లిథియం గ్రీజు పలచగా పూయండి.

మెల్లగా వేగం అందుకునేలా చేసే సాఫ్ట్ స్టార్ట్ బోర్డు వేస్తే పళ్ల ఆయుష్షు బాగా పెరుగుతుంది. మూలుగు వినిపించిన క్షణమే కాలు తీయమని బాబుకి నేర్పండి. తిరగని మోటారు వేడెక్కినంత వేగంగా తిరిగే మోటారు వేడెక్కదు. మాటిమాటికీ ఆగిపోతోందని సీటు కింద ఉండే కట్ అవుట్‌ని (కరెంటు మితిమీరితే ఆపేసేది) తీగతో కలిపేసేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయొద్దు. కరిగేది ప్లాస్టిక్, దాని మీద కూర్చున్నది పిల్లవాడు.

ప్రశ్న: 6 వోల్టుల బైకుకి 12 వోల్టుల బ్యాటరీ పెడితే వేగం రెట్టింపవుతుందా?
- అనకాపల్లి పాఠకుడు

జవాబు: అవుతుంది, కొన్నాళ్లు. బయల్దేరేటప్పటి కరెంటు రెట్టింపై, మోటారులో వేడి నాలుగింతలవుతుంది. ఆగడానికి పట్టే దూరమూ అంతే పెరుగుతుంది. పెట్టకండి.

ప్రశ్న: మావాడికి అచ్చం ఆటోలాంటి మూడు చక్రాల బండి కావాలట. వెడల్పు 48, పొడవు 80 సెం.మీ. అనుకున్నాను. పడిపోతుందా?
- విశాఖపట్నం పాఠకుడు

జవాబు: వేగాన్ని బట్టి. నాలుగు చక్రాల బండిలో బరువు కేంద్రం నుంచి బండి బోల్తాపడే గీత దాకా సగం వెడల్పు, అంటే 24 సెం.మీ. ఉంటుంది, ఈ దూరాన్నే అడ్డు అందాం. ముందు ఒకే చక్రం ఉంటే ఆ గీత ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ఏటవాలుగా పోతుంది. పిల్లవాడితో కలిపిన బరువు కేంద్రం ముందు చక్రానికి 50 సెం.మీ. వెనక ఉంటే అక్కడ మిగిలే అడ్డు 15 సెం.మీ. మాత్రమే. కేంద్రం ఎత్తు 40 సెం.మీ. అనుకుంటే, పక్కకి తోసే బలం మొత్తం బరువులో 37 శాతం దాటగానే బండి లేస్తుంది. మీటరు వ్యాసార్ధం మలుపులో గంటకి 4 కిలోమీటర్లకి ఆ బలం 13 శాతమే. 8 కిలోమీటర్లకి 50 శాతం. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు.

ఆటో రూపం పోకుండా దీన్ని సర్దవచ్చు. ముందు మడ్‌గార్డు కింద ఒకటి కాక 16 సెం.మీ. ఎడంతో రెండు చిన్న చక్రాలు దాచండి, బయటికి ఒకటే అనిపిస్తుంది. బరువు కేంద్రం 10 సెం.మీ. వెనక్కి, 6 సెం.మీ. కిందికి వచ్చేలా సీటుని జరపండి. అడ్డు 20కి పెరుగుతుంది, ఎత్తు 34కి తగ్గుతుంది, ఇప్పుడు 58 శాతం దాకా ఆగుతుంది. నాలుగు చక్రాల బండికి దాదాపు సమానం. అంతకంటే వెనక్కి జరిపితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు భాగం తేలుతుంది.

అయ్యాక పరీక్ష: మీటరు వెడల్పు పలకని ఒక పక్క 17.5 సెం.మీ. ఎత్తితే పది డిగ్రీల వాలు వస్తుంది. బండిని అడ్డంగా నిలిపి, పిల్లవాడి బరువుకి రెట్టింపు ఇసుక బస్తాని సీటు మీద కాకుండా వాడి ఛాతీ ఎత్తులో కట్టి చూడండి. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో ఉన్న వాలు కూడా పది డిగ్రీలే.

ప్రశ్న: వేసవి సెలవుల తర్వాత బండి పక్కన పెట్టాం. దసరాకి తీస్తే బ్యాటరీ పనిచేయలేదు. ఏడాది కూడా కాలేదు.
- నంద్యాల పాఠకురాలు

జవాబు: ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేసి ఉంటారు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, అది మళ్లీ కరగదు. వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే దిగుతుంది, ఎండకి ఇంకా త్వరగా. ఆడిన రోజే ఛార్జి పెట్టండి. పక్కన పెట్టినప్పుడు నెలకోసారి పెట్టండి, తీగ ఊడదీసి ఉంచండి. నిండుగా ఉంటే విశ్రాంతిలో 12.7 వోల్టులు చూపుతుంది. ఆడుతుండగా 10.5కి వస్తే ఆపాల్సిందే. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.7 ఆంపియర్ల ఛార్జరు నెమ్మదిగా అయినా మంచిది, రెండుకి మించనివ్వకండి. ఛార్జరు 14.7 వోల్టులు దాటితే నీరు ఆవిరై డబ్బా ఉబ్బుతుంది. పాతదాన్ని చెత్తలో వేయొద్దు, బ్యాటరీ షాపువాళ్లు సీసం కోసం తీసుకుంటారు.

ప్రశ్న: ఇలాంటి బండ్లు చేసి అమ్మాలనుకుంటున్నాను. అనుమతులేమైనా కావాలా?
- నిజామాబాద్ పాఠకుడు

జవాబు: కావాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పెడల్ బండికి ఐఎస్ 9873, మోటారు ఉన్నదానికి ఐఎస్ 15644 చూడాలి. ఆ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సు లేకుండా అమ్మకూడదు. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారుల బొమ్మలకీ, కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఇచ్చారు. వెల్డింగ్ షెడ్డులో చేసిన మోటారు బండి ఆ కోవలోకి రాదు.

ప్రశ్న: మా మనవళ్లకి బేరింగ్ బండి చేసిచ్చాను. సిమెంటు రోడ్డు మీద చప్పుడికి వీధంతా తిడుతున్నారు.
- కదిరి పాఠకుడు

జవాబు: మెకానిక్ షెడ్డులో పడేసిన పాత మోపెడ్ ట్యూబుని బేరింగు వెడల్పుకి ఉంగరాల్లా కోసి రెండు పొరలుగా తొడగండి. జారకుండా రబ్బరు సొల్యూషన్ పూయాలి. నెలకోసారి మార్చుకోవాలి గానీ చప్పుడు సగానికి పైగా తగ్గుతుంది. ముందు పలకని పట్టి ఉంచే బోల్టుకి రెండు పక్కలా పెద్ద వాషర్లు, లోపల నైలాన్ ఉంగరం ఉండే నైలాక్ నట్టు వేయండి. మామూలు నట్టు అదురుకి ఊడిపోతుంది.