శివరాత్రి నాట్యానికి ముందు

బిడ్డా,

వచ్చే శివరాత్రికి పానగల్లులో పేరిణి లాస్యం, మన కాకతీయుల నాటి నాట్యంలో ఆడవాళ్లు చేసేది, చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పచ్చల సోమేశ్వరాలయంలో శిల్పాలు చూసి, వాటిలాగే కాలెత్తి నిలబడే పిల్లవు నువ్వు. చాలా సంతోషమైంది. కానీ ఎడమ పిర్రలో నొప్పి ఉందట, బామ్ రాసుకుని రోజూ ప్రాక్టీసు చేస్తున్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

వార్మప్ మానకు. బండల మీద అడుగులు కొట్టకు, చెక్క నేల వెతుక్కో. ముంగాలి ఎముక మీద వేలు పెట్టినచోటే నొప్పి ఉంటే ఎముక చిట్లుతోందేమో చూపించుకో.

ఇక అసలు సంగతి. నేను నాట్యం నేర్చుకునేటప్పుడు మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. అడుగు వేస్తే నేల పలికేది. ఆమెకూ పిర్రలోనే మొదలైంది. కండరం పట్టింది, ఇంకా సాగదీయమన్నారు పెద్దవాళ్లు. ఆమె కాళ్లు చాచి, నొసలు మోకాలికి తగిలేదాకా వంగేది. వంగినకొద్దీ నొప్పి పెరిగింది. ఎవరో చెబితే పోయి నడుము తొక్కించుకుంది. ఒకరోజు క్లాసు నుంచి ఇంటికి పోతుంటే కుడికాలి చెప్పు జారి దారిలోనే ఉండిపోయింది. ఆమెకు తెలియనే లేదు, వెనక నేను తీసుకెళ్లి ఇచ్చాను. అప్పటికే బొటనవేలు పైకి లేవడం లేదు. నడుములో 4, 5 పూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ చేసినా ఆ పాదానికి మునుపటి బలం రాలేదు. మళ్లీ గజ్జె కట్టలేదు.

కండరం నొప్పి మొద్దుగా సలుపుతుంది, ఒకచోట నొక్కితే ఎక్కువవుతుంది, కాపడానికి, విశ్రాంతికి తగ్గుతుంది. పిర్ర కండరాల నొప్పి పిక్క దాకా దిగి నరం నొప్పిలా భ్రమపెడుతుంది కూడా. నరం నొప్పి షాక్ కొట్టినట్టు కిందికి పోతుంది, తిమ్మిరి, మంట ఉంటాయి, దగ్గినా తుమ్మినా కాల్లోకి లాగుతుంది. పిర్ర లోపల పిరిఫార్మిస్ అనే కండరం ఉంది, నడుము నుంచి కాలికి దిగే పెద్ద నరం, సయాటిక్ నరం, చాలామందిలో దాని కిందుగానే పోతుంది. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండిలో తుంటి తిరిగినంత వరకే పాదాలు తిప్పు. బలవంతంగా తిప్పితే మోకాలు మెలిపడుతుంది, ఆ కండరమూ బిగుస్తుంది.

రోజూ పొద్దున మడమల మీద కొన్ని అడుగులు, మునివేళ్ల మీద కొన్ని అడుగులు నడువు. ఏ పాదమైనా మాట వినకపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పో. తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం వస్తున్నది తెలియకపోయినా, రాత్రి రెండు గంటలైనా సరే, ఆసుపత్రికి పరుగెత్తాలి.

నాది అతిభయం అంటావు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి, వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేని మనుషుల మధ్య పెరిగినదాన్ని. వెన్ను అంటేనే నాకు భయం. నువ్వు కృష్ణా నీళ్లు తాగి పెరిగావు, నీకు ఆ బాధ లేదు. అయినా నా మనసు ఊరుకోదు, ఏం చెయ్యమంటావు తల్లీ.

శనివారం నల్గొండ వస్తున్నా, కలిసి డాక్టర్ దగ్గరికి పోదాం. అప్పటిదాకా గజ్జె ముట్టుకోకు. కూర్చుని ముద్రలు, తాళం సాధన చేసుకో. కోపం వస్తే రానీ, నా మీద చూపించు.

మీ పెద్దమ్మ