హెల్త్ పాలసీ ఉన్నా క్రూయిజ్‌కి వేరే ఇన్సూరెన్స్ కావాలా?

'తిరుపతిలో ఉండే మా అమ్మానాన్నలు సింగపూర్‌లో క్రూయిజ్ (విహార ఓడ) ఎక్కబోతున్నారు, ఇక్కడి హెల్త్ పాలసీ సరిపోదా?' అని ఒకరు అడిగారు. సరిపోదండి, విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. మన పాలసీల్లో చాలావరకు దేశం లోపలి వైద్యానికే. ఆరోగ్యశ్రీ కార్డు ఓడ మీద ఎలాగూ పనిచేయదు.

తిరుపతిలో అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వచ్చినా ఆటో ఎక్కి స్విమ్స్‌కి పోవచ్చు. నడిసముద్రంలో దిక్కు ఓడలోని చిన్న ఆస్పత్రే. అక్కడ ప్రాణం నిలబెట్టేలా తాత్కాలికంగా వైద్యం చేస్తారు, ఆ బిల్లు డాలర్లలో మీ గది ఖాతాలో పడుతుంది. ఆపైన పెద్దాస్పత్రికి తరలించాలి. అసలు ఖర్చు అక్కడే ఉంది: హెలికాప్టర్, ఎయిర్ అంబులెన్స్ అంటే లక్షల్లో మాట, దూరం ఎక్కువైతే కోటి దాకా పోవచ్చు. కాబట్టి ప్రీమియం కంటే ముందు 'మెడికల్ ఎవాక్యుయేషన్' (ఇలా తరలించే ఖర్చు) పరిమితి ఎంతో చూడండి. క్రూయిజ్ ప్రయాణానికి వర్తిస్తుందా, ఓడ ఆగే దేశాలన్నీ అందులో ఉన్నాయా అన్నది ఏజెంటు మాట మీద వదలకుండా పాలసీ కాగితంలోనే చదవండి.

బీపీ, షుగర్ ఉంటే దాచొద్దు. ప్రీమియం కాస్త పెరుగుతుందని మా ఇంట్లోనూ ఒకాయన దాచబోయారు! క్లెయిమ్ దగ్గర కొంప ముంచేది అదే. ముందునుంచీ ఉన్న జబ్బులకు కవర్ ఎంతవరకో కూడా అడగండి.

పాలసీ ఇండియాలో ఉండగానే తీసుకోవాలి. తరలించాల్సి వస్తే మీరే విమానం మాట్లాడుకోకుండా ముందు బీమా కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించండి, వాళ్ల అనుమతి లేకపోతే డబ్బు రాకపోవచ్చు. ఆ నంబరు కాగితం మీద రాసి నాన్నగారి జేబులో పెట్టండి, ఓడలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం.